దులపని సంచులు

మిల్లు డాక్టరు మా బావ చీటీ మీద ‘క్షయ’ అని రాశాడు. చూసి రాయలేదు. బావ ఇంకా చొక్కా గుండీలు విప్పుతూనే ఉన్నాడు, ఆయన అప్పటికే కలానికి మూత పెట్టేశాడు.

నేను ఆ గదిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఎవరో చెప్పగా విన్నది కాదు. బావ నాలుగడుగులు వేస్తే ఐదో అడుక్కి గోడ పట్టుకోవాలి. తోడు వెళ్ళాల్సిన అక్కకి ఆ పూట దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. సరే నేను తీసుకెళతాలే అని బావ రెక్క పట్టుకుని నడిపించుకెళ్ళాను. మిల్లు ఆవరణలో ఒక మూల ఉంటుంది ఆ గది. ఒక బల్ల, ఒక స్టూలు, బరువు చూసే యంత్రం. పొడి లోపలికి వస్తుందని డాక్టరు కిటికీ సందుల్లో కాగితాలు కుక్కించాడు. తన ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. పొడి సంగతి అంత బాగా తెలిసిన మనిషి, ఆ పొడిలో ఇరవై రెండేళ్ళు నిలబడ్డవాడికి క్షయ అని రాసిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాది రాతిపొడి మిల్లు. పలుగురాయిని పగలగొట్టి, మరలో పోసి, పిండి కంటే మెత్తగా చేస్తారు. అది గాజు ఫ్యాక్టరీలకి పోతుంది, రంగుల ఫ్యాక్టరీలకి పోతుంది, మా మగవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బావ గుండీలు మళ్ళీ పెట్టుకుంటూ అడిగాడు. “డాక్టరుగారూ, దుమ్ము అని ఒక్క మాట రాయండి.”

“దుమ్ముకి ఈ చీటీలో గడి లేదయ్యా,” అన్నాడాయన. కసురుకోలేదు, మంచిగానే అన్నాడు.

క్షయ అంటే ఇంటి జబ్బు. ఎవరికైనా రావచ్చు, మిల్లుకి సంబంధం లేదు. చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదు, మరల మీద నీళ్ళు చల్లే గొట్టాలు పెట్టక్కర్లేదు. దుమ్ము అంటే మాత్రం మిల్లు జబ్బు. అప్పుడు జవాబు చెప్పుకోవాలి, పరిహారం కట్టాలి, మరలు ఆపి బాగుచెయ్యాలి. ఆ ఒక్క మాట కోసం బావకి ముందు పదముగ్గురు అదే స్టూలు మీద కూర్చుని అడిగారు. పదముగ్గురికీ క్షయే. ఆ చీటీలన్నీ చూసి కార్మిక శాఖ అధికారి మా అర్జీ కొట్టేశాడు. ఆ పదముగ్గురిలో ఇప్పుడు ఊపిరితో ఉన్నవాళ్ళు నలుగురే.

ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసిన నర్సు నన్ను పక్కకి పిలిచి, మీ బావకి రెండు నెలలు, మహా అయితే మూడు అని చెప్పింది. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమ్మా అంటే తల దించుకుంది. రాయాల్సింది పెద్ద డాక్టరు. అడిగేవాళ్ళు లేనంతకాలం ఆయనా రాయడు.

ఇంటికొచ్చే దారిలో బావ మూడుసార్లు కూలబడ్డాడు. మూడోసారి కల్వర్టు గట్టు మీద కూర్చుని, చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, “వాళ్ళు రాయరే మరదలా. మనమే ఆడదాం,” అన్నాడు. ఏం ఆడదాం అన్నాను. నాటకం అన్నాడు. గాలాడక మనిషికి మతి పోయిందనుకున్నాను, నిజం చెబుతున్నాను.

కానీ మతి పోలేదు. మా బావని వీధంతా మైకు అని పిలిచేది. మరలు తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు, ఈయన ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర తలలు తిరిగేవి. యూనియన్ మీటింగుల్లో ఆయన వేసిన చిన్న చిన్న నాటకాలకి జనం విరగబడి నవ్వేవారు. ఇప్పుడా గొంతులోంచి ఒక వాక్యం రెండు ముక్కలుగా వస్తోంది. అది పూర్తిగా పోయేలోగా ఒక్కసారి, ఊరి పెద్ద హాల్లో, అధికారులూ ఆసుపత్రి వాళ్ళూ పత్రికల వాళ్ళూ చూస్తుండగా స్టేజీ ఎక్కి నాకొచ్చింది క్షయ కాదు అని చెప్పాలి. ఆయన కోరిక అదొక్కటే. ఇంకేం అడగలేదు.

మీటింగు మా వీధి చివర కొట్టంలో పెట్టుకున్నాం. నలభై మంది దాకా వచ్చారు. ఫిట్టరు కూతురు, కాలేజీలో చదువుతుంది కాబట్టి చదువుల పిల్ల అంటాం, నాటకం రాసుకొచ్చింది. మర దగ్గర పనిచేసే మనిషికి జబ్బు చేస్తుంది, డాక్టరు అబద్ధం రాస్తాడు, యజమాని తరిమేస్తాడు, చివరికి జనం తిరగబడతారు. మర దగ్గరి మనిషి వేషం బావది. డాక్టరు వేషం లోడింగు మేస్త్రీ వేస్తానన్నాడు. యజమాని వేషానికి మాత్రం ఒక్కడూ ముందుకి రాలేదు. ఆ వేషం వేస్తే మనవాళ్ళే చెప్పులు విసురుతారని ఒకడు, మన వీధిలో యజమాని వేషానికి తగ్గ పొట్ట ఎవరికుందని ఇంకొకడు. సరే తర్వాత చూద్దాంలే అని వదిలేశాం.

ఆడవాళ్ళకి ఏం వేషాలు అంటే, చివర్లో శవం చుట్టూ ఏడవాలి అంది చదువుల పిల్ల. మా పక్కింటావిడ ఉంది, నోరు తెరిస్తే ఎదుటివాడిని కోసి పెడుతుందని రంపం అని పేరు. “ఏడవడానికి రిహార్సలు ఎందుకమ్మా, రోజూ చేస్తున్న పనేగా,” అంది. అందరం నవ్వాం. బావ కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

హాలుకి సగం డబ్బు ముందు కట్టాలి, మిగతా సగం ఆడే రోజుకి వారం ముందు. కట్టకపోతే ముందు కట్టిందీ పోతుంది. లైట్లు, తెరలు వేరే. చందా డబ్బా నా చేతిలో పెట్టారు. ఎందుకంటే నాకు మొహమాటం లేదట.

మొహమాటం లేకపోవడం ఒక్కటే సరిపోదని రెండు రోజుల్లో తెలిసింది. మిల్లు గేటు దగ్గర నిలబడి డబ్బా ఆడించాను. ముగ్గురు చిల్లర వేశారు. మర్నాడు ఆ ముగ్గురినీ రేపట్నుంచి రావద్దన్నారు. ఇక అక్కడ డబ్బా చూస్తే చాలు, జనం రోడ్డుకి ఆ పక్కగా నడిచేవారు. వాళ్ళని తప్పు పట్టను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మిల్లు వ్యవహారం. ఊళ్ళోకి వెళ్ళాం. బట్టల కొట్టు ఆయన తన కొట్టు పేరు నాటకంలో మూడుసార్లు అనమన్నాడు. మందుల కొట్టు ఆయన డబ్బు బదులు సలహా ఇచ్చాడు. పింఛను తీసుకునే పెద్దమనిషి ఒకాయన మా కథంతా విని అరగంట కళ్ళు తుడుచుకున్నాడు, డబ్బా వైపు మాత్రం చూడలేదు. కాళ్ళు అరిగాయి కానీ డబ్బా అడుగు నిండలేదు.

అప్పుడు మిల్లు గుమాస్తా వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. హాలు ఖర్చు, లైట్లు, దుస్తులు, అన్నీ మిల్లే భరిస్తుందట. కార్మికుల ఆరోగ్యం అంటే యజమానిగారికి ప్రాణమట. చిన్న మార్పు ఒకటి చెయ్యాలట. ఆ మనిషికి జబ్బు బీడీల వల్ల వచ్చినట్టు చూపించాలట.

ఆ సాయంత్రం కొట్టంలో పెద్ద గొడవ. లోడింగు మేస్త్రీ తీసుకుందామన్నాడు. డబ్బు వాళ్ళది, స్టేజీ ఎక్కాక నోరు మనది, అక్కడ మన మాటే చెబుదాం అన్నాడు. సగం మంది తలలూపారు. నేనూ ఊపాను, దాచడం ఎందుకు, తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాను. బావ చెయ్యెత్తాడు. ఆయన మాట్లాడాలంటే అందరూ ఆగాలి, ఆగారు.

“వాడి లైటు కింద నిలబడితే,” అని ఊపిరి తీసుకున్నాడు, “వాడు ఆర్పినప్పుడు ఆరిపోతాం.”

చేతులెత్తించాం. వద్దన్నవాళ్ళే ఎక్కువ. ఇష్టం లేని ఐదుగురు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం డబ్బు ఎక్కడ తేవాలో తెలీక నేల చూపులు చూస్తూ కూర్చున్నాం. అప్పుడు అక్క నోరు విప్పింది. “సంచులున్నాయిగా,” అంది.

సంచుల సంగతి చెప్పాలి. గాజు ఫ్యాక్టరీకి పోయిన సంచులు ఖాళీ అయ్యాక లారీల్లో వెనక్కి వస్తాయి. కుట్ల సందుల్లో, మూలల్లో ఇంకా పొడి ఉంటుంది. వాటిని మిల్లు మేస్త్రీ, మా లోడింగు మేస్త్రీ కాదు, వేరే ఆయన, మా వీధిలో దించి పోతాడు. మా వీధి ఆడవాళ్ళం వాటిని తిరగేసి, కర్రలతో కొట్టి, దులిపి, మడతపెట్టి కట్టలు కట్టి ఇస్తాం. వందకింత అని కూలి. రాలిన పొడిని కూడా మేస్త్రీ తూచి తీసుకుంటాడు, తూకం తగ్గితే కూలిలో కోత. అందుకని గాలికి పోకుండా తలుపులూ కిటికీలూ బిగించుకుని కొడతాం. మా అమ్మ అలాగే కొట్టింది, మేమూ అంతే. మిల్లులో ఉండేది దుమ్ము, మా ఇళ్ళలో రాలేది పిండి. అలా అనుకున్నాం ఇన్నేళ్ళూ.

అక్క మాట అందరికీ నచ్చింది. ఎవరింట్లో వాళ్ళు కొట్టే సంచులు కాక, వీధిలో ఆడవాళ్ళందరం రోజూ మధ్యాహ్నం కొట్టంలో చేరి ఇంకో రెండు వందల సంచులు కొట్టాలి, ఆ కూలంతా నాటకానికే. ఎవడినీ దేహీ అనక్కర్లేదు. మిల్లు సంచులతోనే మిల్లు మీద నాటకం. ఈ ముక్క రంపం అంది, అని తనే మురిసిపోయింది.

ఆ నెల రోజులూ ఎంత సంబరంగా ఉన్నామో చెప్పలేను. కొట్టంలో ఒక పక్క కర్రలు లేస్తూ పడుతూ ఉంటే, ఇంకో పక్క రిహార్సలు. బావ గోడకి ఆనుకుని కూర్చుని అందరికీ నేర్పేవాడు. దగ్గే ఘట్టం వస్తే నేర్పక్కర్లేకుండానే అందరూ దగ్గేవారు. లోడింగు మేస్త్రీ డాక్టరు వేషంలో కూడా దగ్గుతున్నాడని, ఒరేయ్ నువ్వు కాదురా దగ్గాల్సింది అని బావ ఆటపట్టించేవాడు. చదువుల పిల్ల కూడా దగ్గేది. సహజంగా వస్తోందే అని మెచ్చుకున్నాం. హాలుకి సగం డబ్బు కట్టేశాం. రసీదు తెచ్చి బావ చేతిలో పెడితే ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. అక్క మొహంలో అంత వెలుగు నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు. ఆమె అందరికంటే ముందొచ్చి అందరికంటే చివర వెళ్ళేది. ఆయన స్టేజీ ఎక్కాలి, అంతే ఆమెకి.

ఇంకో వారం సంచులు కొడితే మిగతా సగం కూడా వచ్చేస్తుంది అనగా, చదువుల పిల్ల లైట్ల షాపు నుంచి స్టేజీ లైటు ఒకటి తెచ్చింది. వెలుతురు ఎవరి మొహం మీద ఎలా పడుతుందో చూసుకోవాలంది. మిట్ట మధ్యాహ్నం. తలుపులు బిగించి ఉన్నాయి, లోపల మసక మసకగా ఉంది. మేం ఇరవై మందిమి కొడుతూనే ఉన్నాం. ఆ పిల్ల లైటు వేసింది.

గోడ నుంచి గోడ దాకా తెల్లగా నిలబడింది పొడి. సన్నటి పొడి, కదలకుండా గాల్లో వేలాడుతోంది. బావ మొహం మీద పడాల్సిన వెలుతురు ఆయన దాకా సరిగా చేరనే లేదు. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది, గాలి కోసం ఎప్పుడూ అలాగే తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లోకి పోతోంది.

“పిన్నీ, కర్ర ఆపు,” అంది ఆ పిల్ల. అక్క ఆపింది. ఒక్కొక్కరం ఆపేశాం. ఆపాక కూడా పొడి కిందికి దిగలేదు. పావుగంట చూశాం, దిగలేదు.

ఏముందే, పిండేగా అంది రంపం. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. ఊరందరికీ దుమ్ము గురించి చెప్పబోయేవాళ్ళం, మా కొట్టం మేం చూసుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అనలేదు.

బావ గోడ పట్టుకుని లేచాడు. “యజమాని వేషానికి మనిషి దొరకలేదన్నారు కదా.” ఆగాడు. మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. “దొరికాడు. నేనే.”

అదేం మాట బావా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు, అక్క వైపే చూస్తున్నాడు. నా నాటకం కోసం నా పెళ్ళాం చేత, అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయాడు. ఆ మాట ఆగింది ఊపిరి అందక కాదు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

తర్వాత జరిగిన వాదన నాకు జన్మలో మరుపు రాదు. వారం రోజుల పనే మిగిలింది, ఇప్పుడాపితే కట్టిన డబ్బు కూడా మునుగుతుందని కొందరు. ఊహ తెలిసినప్పటి నుంచీ పీలుస్తున్నాం, ఇంకో వారానికి కొత్తగా చచ్చేదేముందని రంపం. తలుపులు తీసి కొడదాం అని ఒకావిడ, తీస్తే తూకం తగ్గి కూలి కోస్తారని ఇంకొకావిడ. అక్క ఒక్కతే ఎవరి మాటా వినిపించుకోలేదు. కింద పడేసిన కర్ర మళ్ళీ తీసింది.

“నువ్వు స్టేజీ ఎక్కాలి. ఎక్కేదాకా నేను కొడతాను.”

“నువ్వు కొడితే నేను ఎక్కను,” అన్నాడు బావ.

అక్క ఆ కర్రని గోడకేసి కొట్టింది, విరిగింది. కూర్చుని రెండు చేతులతో నేల బాదుతూ ఏడ్చింది. ఆమెకి మొగుడి చివరి కోరిక పోతోంది, మాకు నెల రోజుల కష్టం పోతోంది. ఎవరిని ఎవరు ఓదార్చాలో తెలియలేదు.

చదువుల పిల్ల ఒక సంగతి అడిగింది. పిన్ని ఎన్నాళ్ళుగా దగ్గుతోంది అని. ఎవరికీ గుర్తు లేదు. మర దగ్గర నిలబడే మగవాళ్ళ దగ్గు మేం లెక్కపెట్టుకున్నాం, ఆడవాళ్ళ దగ్గు ఎవరూ పట్టించుకోలేదు. నాటకం రాసిన ఈ పిల్లా పట్టించుకోలేదు, ఆ మాట తనే ఒప్పుకుంది. మర్నాడు డబ్బాలో ఉన్న డబ్బు తీసుకుని ఏడుగురు ఆడవాళ్ళం ఎక్స్‌రేకి వెళ్ళాం. హాలుకి కట్టాల్సిన డబ్బు అది. ఆ నర్సే తీసింది. ఫిల్ములు కిటికీకి ఎదురుగా ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఏడింటిలో ఐదింటి నిండా తెల్ల చుక్కలు. మీ బావవి మొదట్లో ఇలాగే ఉండి ఉంటాయి అంది. ఆ ఐదింటిలో అక్కది ఒకటి, రంపానిది ఒకటి. నాది బాగుంది. బాగున్నందుకు సిగ్గేసింది.

మాకు మిల్లు చీటీ కూడా లేదు. క్షయ అని అబద్ధం రాయించుకునే భాగ్యం కూడా లేదు మాకు. ఎందుకంటే మేం మిల్లు మనుషులం కాదు, ఇళ్ళలో సంచులు దులుపుకునేవాళ్ళం.

హాలు పోయింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. బావ మంచం పట్టాడు. అక్క ఆయన పక్కన కూర్చుని, వీపు నిమురుతూ, ఎవరితోనూ మాట్లాడేది కాదు. నాటకం పేరెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

కానీ మిల్లు మేస్త్రీ సంచులు దించడానికి వస్తే ఎవరూ తీసుకోలేదు. తీసుకోకూడదని మీటింగు పెట్టి అనుకున్నది కాదు. ఆ లైటులో చూశాక ఎవరికీ కర్ర పట్టుకోవడానికి చెయ్యి రాలేదు, అంతే. వీధి మొగలో సంచుల గుట్ట పెరిగింది. రెండో లారీ వచ్చింది. మేస్త్రీ బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. నాలుగో రోజున మిల్లులో నింపడానికి సంచులు లేక మరలు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దం విని మేం ఇళ్ళలోంచి బయటికొచ్చాం. పుట్టి బుద్ధెరిగాక మర చప్పుడు లేని పగలు మాకు తెలీదు. అర్జీలతో ఆగని మిల్లు, యూనియన్ సమ్మెతో రెండు రోజులు కూడా ఆగని మిల్లు, మా కర్రలు లేవకపోతే ఆగింది. ఇంత బలం మా చేతుల్లో పెట్టుకుని ఊరంతా డబ్బా ఆడించుకుంటూ తిరిగాను నేను.

మేనేజరు మా వీధిలోకి వచ్చాడు. ఆయన మా వీధికి రావడం అదే మొదటిసారి. కూలి రెట్టింపు చేస్తానన్నాడు. మూడేళ్ళుగా పెంచమని అడుగుతుంటే చెవిన పెట్టనివాడు. ఎవరూ కదలకపోతే, మీ నాటకానికి హాలు డబ్బులు కూడా ఇప్పిస్తాను, మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి అన్నాడు. ఆ మాట విని అక్క లోపల్నుంచి బయటికొచ్చింది. ఎన్ని రోజులకో ఆమె గొంతు విన్నాం.

“మరల మీద నీళ్ళ గొట్టాలు పెట్టండి. సంచులు మిల్లులోనే, పొడి లాగే యంత్రం కింద దులిపించండి, మా ఇళ్ళకి పంపొద్దు. మగవాళ్ళకీ మాకూ అందరికీ చీటీ ఇచ్చి దాని మీద దుమ్ము అని రాయించండి. ఆ తర్వాతే మాట్లాడదాం.”

మీరు మిల్లు మనుషులు కారు కదమ్మా, మీకు చీటీ ఎలా ఇస్తాం అన్నాడు. రంపం ముందుకి వచ్చింది. “కాకపోతే మరీ మంచిది. మీ సంచులు మీరే దులుపుకోండి,” అంది. మేనేజరు పోలీసుల మాట ఎత్తి వెళ్ళిపోయాడు.

ఆయన కారు మలుపు తిరగగానే బావ మంచం మీంచి చెయ్యి ఊపి నన్ను పిలిచాడు. గేటు దగ్గర ఆడదాం, రేపే అన్నాడు. అక్క వద్దనబోయి ఆయన మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గుట్టగా పడివున్న సంచులన్నీ తలా కాసిని మోసుకెళ్ళి మిల్లు గేటు ముందు పోశాం. పని లేక నిలబడ్డ కార్మికులు, ఊళ్ళోంచి వచ్చిన కాలేజీ పిల్లలు, దారిన పోయేవాళ్ళు, రోడ్డు నిండిపోయింది. తెర లేదు, లైటు లేదు. ఎండే. నలుగురు కలిసి బావని కుర్చీతో సహా మోసుకొచ్చి సంచుల పక్కన దించారు. ఎవరిదో కోటు తొడిగాం, అది ఆయన ఒంటి మీద వేలాడుతోంది. యజమాని వేషం.

ఆయనకి మాటల్లేవు. చెప్పే ఊపిరి లేదు. ఒక వేలు ఎత్తి చూపించాడు, కార్మికుల వేషాలవాళ్ళు పరిగెత్తారు. ఆ వేలే అడ్డంగా ఊపాడు, డాక్టరు వేషంలో లోడింగు మేస్త్రీ క్షయ అని రాశాడు. యజమాని అంటే నోరు చేసుకునేవాడనుకుంటాం మనం. నోరు విప్పక్కర్లేనివాడని ఆ రోజు చూశాను. మర దగ్గరి మనిషి వేషం అక్క వేసింది. చదువుల పిల్ల రాసిన మాటలు ఆమెకి రావు. తన మాటలే చెప్పింది.

“నా మొగుడికి దుమ్ము పట్టింది. ఆయన నాటకం కోసం నేను సంచులు దులిపాను, నాకూ పట్టింది. మా ఇద్దరికీ ఈ మిల్లే పట్టించింది. రాసేవాడు రాయకపోతే మానె, మీరు విన్నారు కదా.”

విన్నాం అన్నారు ముందు వరసవాళ్ళు. వెనకవాళ్ళు అందుకున్నారు. ఆ మాట గేటు దాటి లోపలికి పోయింది. బావ కుర్చీలో కూర్చుని, ఇంకా, ఇంకా అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. అప్పుడే పోలీసు వ్యాన్లు వచ్చాయి.

అనుమతి లేకుండా నాటకం ఆడారని, అనుమతి లేకుండా చందాలు వసూలు చేశారని, మిల్లు సంచులు ఎత్తుకొచ్చారని రాసుకున్నారు. అక్కనీ, నన్నూ, రంపాన్నీ, లోడింగు మేస్త్రీనీ, ఇంకో పదహారు మందినీ ఎక్కించారు. ఒక కానిస్టేబులు బావ దగ్గరికెళ్ళి లేవమన్నాడు. బావ కోటు సర్దుకుని, వాడికి మాత్రమే వినపడేంత గొంతుతో, “నువ్వెప్పుడైనా యజమానిని అరెస్టు చేశావా నాయనా,” అన్నాడట. వాడు తల తిప్పుకుని పోయాడట.

పదకొండు రోజులు జైల్లో ఉంచారు. ఆరో రోజున బావ పోయాడు. అక్కని పంపించమని ప్రాధేయపడ్డాం, పంపలేదు. చదువుల పిల్లా, వీధి ఆడవాళ్ళూ దగ్గరుండి సాగనంపారు. మిల్లు డాక్టరు చావు కాగితం మీద క్షయ అనే రాశాడు. ఆ కబురు అక్కకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె కేక పెట్టలేదు, కన్నీరు పెట్టలేదు. పోయేటప్పుడు ఆయన పక్కన ఎవరున్నారు అని ఒక్కటే అడిగింది.

విడుదలై వచ్చేసరికి మిల్లు తిరుగుతోంది. పాత సంచులే వాడుతున్నారు, దులిపించి మరీ. ఎవరు దులుపుతున్నారని ఆరా తీస్తే, ఏటికి అవతల ఊళ్ళో మాలాంటి వీధి ఒకటి ఉంది, అక్కడ రెట్టింపు కూలికి ఇస్తున్నారని తెలిసింది. మా వీధిలో కొందరి గుండె జారిపోయింది. ఇంత చేసి, మనిషిని పోగొట్టుకుని, చివరికి పని వాళ్ళ పాలు చేసుకున్నాం, మన నోట మన్నే మిగిలింది అన్నారు. వాళ్ళని తిట్టిపొయ్యాలన్నారు ఇంకొందరు. అక్క చెప్పులు వేసుకుంది. ఎక్కడికే అంటే, వాళ్ళకి తెలీదు కదా అంది.

బస్సెక్కాం. అక్క, చదువుల పిల్ల, రంపం, లోడింగు మేస్త్రీ, నేను. ఈసారి బస్సు టిక్కెట్ల డబ్బుకి తప్ప ఇంక దేనికీ ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆ వీధిలోకి అడుగుపెట్టేసరికి పట్టపగలు తలుపులన్నీ బిగించి ఉన్నాయి. లోపల్నుంచి కర్రల చప్పుడు. మా ఐదుగురికీ కాళ్ళు ఆగిపోయాయి.

వీధి మధ్యలో నిలబడి మొదలుపెట్టాం. యజమాని వేషం నేను వేశాను. మొదట ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత పక్కది. కనుబొమ్మల మీద తెల్లటి పొడితో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వెళ్ళండి వెళ్ళండి, పని పాడవుతోందని ఒకావిడ కసిరింది. మా కూలి చూసి ఓర్వలేక వచ్చారని ఇంకొకావిడ అంది. అక్క తన ఎక్స్‌రే ఫిల్ము తీసి ఎండకి ఎదురుగా పట్టుకుంది. పక్కన బావ ఫిల్ము పట్టుకుంది. ఇది ఈయనది, పోయాడు. ఇది నాది, నేనూ మీలాగే తలుపులు మూసుకుని కొట్టాను అంది. ఆ కసిరినావిడే దిగి వచ్చి, చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది. మా అత్త ఇలాగే దగ్గి దగ్గి పోయింది, క్షయ అన్నారు అంది.

ఆ తర్వాత ఏ ఇంట్లోనూ కర్ర చప్పుడు లేదు. అందరూ వీధిలోకి వచ్చి కూర్చున్నారు. మేం నాటకం ఆపలేదు.

సగంలో ఉండగా లారీ వచ్చింది. సంచులు తల ఎత్తు మించి ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టాడు, ఎక్కడ దించాలమ్మా అని అరిచాడు. రెండోసారి అరిచాడు. ఏ ఇంటావిడా చెయ్యెత్తి చూపించలేదు, ఏ ఒక్కరూ లేవలేదు. డ్రైవరు ఇంజను ఆపేసి, ఆ తలల వైపు చూస్తూ కూర్చున్నాడు. పాపం వాడిదేముంది, వాడూ మనలాంటివాడే.

అక్కకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఎవరూ కదల్లేదు. తగ్గాక కొంగుతో నోరు తుడుచుకుని, రోడ్డు మీద కూర్చున్నవాళ్ళతో అంది.

“కాస్త జరగండమ్మా. లారీ వెనక్కి తిప్పుకోవాలి.”